ఎత్తడం వరస, కొయ్యడం ఆట

భవానీపూర్, కలకత్తా
18 సెప్టెంబరు 2025, గురువారం

చిరంజీవి పూజితకు, తాతయ్య అప్పలసూరి ఆశీస్సులు పలికి వ్రాసే సంగతులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ వాక్యం తన మోకాళ్ళకు వర్తించదని మీ మామ్మ పక్క గదిలో నుంచి చెబుతున్నది కనుక, ఆ మాట కూడా చేర్చడమైనది. అక్కడ తమిళనాడు ఒడ్డున నీ ఆరోగ్యం, నీ మోచేతి మీది గీతలు, నీ భోజనం, ఇదే వరుసలో తెలియజేయగలవు.

నీకు తెలుగు చదవడం కాస్త కష్టమని ఎరిగి, అక్షరాలు పెద్దవి చేసి, వీలైన చోటల్లా సంధులు విడదీసి వ్రాస్తున్నాను. సంధి కలపని పిల్లల చేత గుంజీళ్ళు తీయించిన చేతితో ఈ పని చేస్తున్నానని గుర్తించు. ఇంతటి త్యాగం మీ నాన్న కోసం కూడా చేయలేదు.

నిన్న ఉదయం నీ సందేశం చేరింది. “తాతా, ఇది నా వల్ల కాదు. సోమవారం బయలుదేరి ఇంటికి వచ్చేస్తున్నాను” అని ఉంది. రెండు వాక్యాలలోనూ ఒక్క తప్పు లేదు. అందుకే నాకు దిగులు పట్టుకున్నది. నువ్వు సంతోషంగా ఉన్నప్పుడు ఎన్నడూ తప్పు లేకుండా వ్రాయలేదు.

మీ అమ్మ రాణి మాత్రం దేవుడి పటానికి దండం పెట్టి, “గుంట పేనాలతో ఒచ్చేస్తంది, అదే సాలు” అన్నది. సముద్రం మీద గాలిపటానికి నడుము కట్టుకొని, కాళ్ళకు పలక తొడుక్కొని, నీళ్ళ మీద పరుగెత్తే ఆట ఒకటి ఉంటుందని ఆమె ఇప్పటికీ నమ్మదు. నేను నమ్మాను. కాని మన ఇంట్లో పలకను కళ్ళకు అద్దుకొన్న వారే తప్ప, దాని మీద కాళ్ళు పెట్టిన దానివి నువ్వు ఒక్కర్తివే. ఆ విషయంలో నా అభ్యంతరం అలాగే ఉన్నది.

నువ్వు ఫోనులో చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. పోయిన వారం గాలి ఒక్కసారిగా విసిరింది. పటం కిందికి దూకింది. చేతిలోని కర్రను వదిలితే పటం బలం చచ్చిపోతుందని మీ గురువు మేరీరాణి గారు మొదటి రోజునే నేర్పారు. నువ్వు వదలలేదు. గుండెలకు హత్తుకొన్నావు. అది నిన్ను నీళ్ళ మీద ఈడ్చుకొని పోయింది. అక్కడ నేర్చుకొంటున్న వాళ్ళందరూ తమ పటాలు దించుకొని, పరుగున వచ్చి, నిన్ను ఒడ్డుకు చేర్చారు. ఆ పూట వాళ్ళ పాఠం పోయింది. ఆనాటి నుంచి నువ్వు గదిలో కూర్చున్నావు.

నీటికి భయపడుతున్నావా అని నేను అడిగితే, కాదన్నావు. పద్మపుకూర్ కొలనులో అబ్బాయిలను వెనక వేసిన పిల్లవు, ఆ మాట నమ్మాను. ఆ తర్వాత అసలు మాట చెప్పావు. అంత పెద్ద పటాన్ని ఒక్కరే ఎగరేయలేరట. ఇంకొకరు అంచు పట్టుకొని, ఎత్తి, నీ సైగ చూసి వదలాలట. “వాళ్ళ పొద్దంతా పాడు చేసి, మళ్ళీ వాళ్ళనే వచ్చి నా పటం ఎత్తండి అని ఏ ముఖంతో అడగను తాతా?” అన్నావు. దానికి సమాధానం నిన్న దొరికింది. నాకు కాదు, మీ మామ్మకు. నేను దానిని శుభ్రంగా వ్రాస్తున్నాను, అంతే.

నిన్న విశ్వకర్మ పూజ. ఆకాశం నిండా పటాలు, ఆ సంగతి నీకు చెప్పనక్కరలేదు. ప్రతి మేడ మీద పాటలు, కేకలు. నువ్వు లేవు కనుక మన మేడకు ఈ ఏడాది పటం లేదని అనుకొన్నాను. మధ్యాహ్నం చూస్తే మీ మామ్మ అమ్మన్నమ్మ గదిలో లేదు. ఆ మోకాళ్ళతో మెట్లు ఎక్కి, దారం చుట్టే పాత లటాయి దుమ్ము దులిపి, ఎర్ర పటం ఒకటి పక్కన పెట్టుకొని, పిట్టగోడకు ఆనుకొని నిలబడి ఉన్నది. కింద వీధిలో గాలి లేదు, మేడ మీద గాలి నిలకడగా లేదు. ఎవరో ఒకరు దూరంగా పట్టుకొని ఎత్తితే తప్ప పటం లేవదు. నేను పట్టుకొంటానన్నాను. “నువ్వు పట్టుకుంతే సినిగిపోద్ది, నీ కండువా సూసుకో” అన్నది.

ఎదుటి మేడ మీద మల్లేశు ఉన్నాడు. వాళ్ళిద్దరి పోటీ నీకు తెలుసు. మీ నాన్న పుట్టక ముందు నుంచి ఒకరి పటం ఒకరు కోస్తున్నారు. అతను చూశాడు. “ఏటి వొదినా, ఒక్కర్తివే ఏటి సేస్తన్నావు? పట్టుకోనేటి?” అని అరిచాడు. ఈమె పటం చేతితో పైకెత్తి చూపింది. అతను తన లటాయి మనవడికి అప్పగించి, తన మెట్లు దిగి, మన మెట్లు ఎక్కి, ఆయాసపడుతూ వచ్చి, మేడ చివర నిలబడి పటం ఎత్తాడు. అది నిక్కి నిలబడే దాకా చూసి, మళ్ళీ తన మేడకు పోయి, తీరికగా మాంజా వేసి, ఆ పటాన్నే కోసి, “భో కట్టా!” అని గంతులు వేశాడు.

మీ మామ్మ ఊరుకొంటుందా? “ఎత్తినోడివి నువ్వే, కోసినోడివి నువ్వే, సిగ్గు నేదేట్రా మల్లేశూ?” అని వీధంతా వినబడేటట్లు అడిగింది. అతను నవ్వి, “ఎత్తడం వరస వొదినా, కొయ్యడం ఆట!” అన్నాడు.

అమ్మాయీ, మన వీధిలో ఇన్నేళ్ళుగా ఎగిరిన పటాలన్నింటినీ ఎవరో ఒకరు ఎత్తారు. అది ఉపకారం అని ఎవరూ అనుకోలేదు. నీ పటాన్ని కూడా ఎత్తారు. మల్లేశు మనవడు బన్నీ ఎత్తాడు, నువ్వు వాడి పటం కోశావు, మరుసటి ఏడాది మళ్ళీ ఎత్తాడు. ఆ ఒడ్డున ఉన్న వాళ్ళు తమ పటాలు దించుకొని నీ కోసం పరుగెత్తింది పాఠం పాడు చేసుకోవాలని కాదు. వాళ్ళకు కూడా అది వరసే. నువ్వు గదిలో కూర్చుంటే రేపు వాళ్ళ పటం ఎత్తే వాళ్ళలో ఒకరు తగ్గుతారు. ఆ సంగతి ఆలోచించావా?

ఇక నువ్వు కర్రను ఎందుకు వదలలేదో మీ మామ్మ తేల్చింది. నువ్వు మన మేడ మీద లాగి కోసే దానివి. గాలి విసిరితే నీ చేయి దానంతట అదే లాగుతుంది. “లాగడం నేర్పినాం గాని ఆ గుంటకి ఇడవడం నేర్పనేదు. గాలితోటి దెబ్బలాటేటి? ఇడిసీ, ఇడిసీస్తే అదే సల్లబడతాది. తరవాత మెల్లగా పిలుసుకో” అని వ్రాయమన్నది. ఉచ్చారణలో దోషాలు ఉన్నవి. భావంలో లేవు.

నువ్వు రావద్దని మేము అనము. ఈ ఇల్లు నీది, ఎప్పుడు వచ్చినా నీ మంచం నీదే. అయితే ఇంటి మీద ప్రేమతో రా, ఆ ఒడ్డున ఒకరిని అడగడానికి సిగ్గుపడి రావద్దు.

ఇతర విశేషాలు. పండుగకు ఇంకా పది రోజులు ఉండగానే మీ మామ్మ డబ్బా నిండా జంతికలు వండింది. కారణం అడిగితే కసిరింది. నాకు ఈ ఉదయం షాలిమార్ వైపు చిన్న పని ఉండి వెళ్ళి వచ్చాను. మీ నాన్న ప్రసన్నకుమార్ కార్పొరేషను పంపు దగ్గర డ్యూటీ మారి, ఇంట్లో అందరి మీద అలిగి ఉన్నాడు. చలువ గాలిలో తడి బట్టలతో తిరగవద్దు.

నీ క్షేమమే కోరే తాతయ్య,
వంజరాపు అప్పలసూరి
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

తా.క. (21వ తేదీ, ఆదివారం ఉదయం): కవరు మీద తపాలా బిళ్ళ లేదని నువ్వు ఈ పాటికి గమనించి ఉండాలి. లేకపోతే నా శిక్షణ వృథా. షాలిమార్ రైలు స్టేషనులో నా చిన్న పని రెండు టిక్కెట్లు కొనడం. ఈ నాలుగు ముక్కలు మీ గాలిపటాల బడి వెనక టీ బల్ల దగ్గర కూర్చొని వ్రాస్తున్నాను. ఉత్తరం మేరీరాణి గారి చేతికి ఇస్తున్నాను.

నేను ముందు నిన్ను లేపుదామన్నాను. మీ మామ్మ వినలేదు. జంతికల డబ్బా చంకన పెట్టుకొని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని, ఒడ్డున ఉన్న వాళ్ళందరి దగ్గరకూ వెళ్ళి, “మా గుంట పటం ఎవులు ఎత్తుతారు?” అని అడిగింది. ఆమెకు తమిళం రాదు, వాళ్ళకు మన భాష రాదు. చేతితో పటం ఎత్తినట్లు చూపి, నీ గది వైపు వేలు పెట్టింది. ఒక్కరూ కాదనలేదు. ఇప్పుడు వాళ్ళు నీ పటం అంచు గొట్టానికి పంపుతో గాలి నింపుతున్నారు. అంచు ఎలా పట్టుకోవాలో మేరీరాణి గారు మీ మామ్మకు కూడా చూపిస్తున్నారు. మోకాళ్ళ మాట ఆమె ఇంతవరకు ఎత్తలేదు.

గాలి బాగున్నదట. బయటికి రా, తల్లీ.