గడీల ఆటలో పడొద్దన్నవాడు

ముత్యంపేట,
8 జూన్ 2023, గురువారం.

దుబాయిలో ఉన్న మా ఇంటాయనకు నవ్య దండం పెట్టి రాసేది.

ఇక్కడ అత్తమ్మ మోకాళ్లు, మామయ్య దగ్గు, బీడీలు చుట్టే నా వేళ్లు ఎక్కడివక్కడ బాగానే ఉన్నాయి. అక్కడ మీరు కూడా బాగున్నారనుకుని మొదలుపెడుతున్నాను. ఉత్తరం అట్లాగే మొదలుపెట్టాలని బళ్లో చెప్పారు. నిజంగా ఎట్లా ఉన్నారో తర్వాత రాస్తాను.

మీరెట్లా ఉన్నారో నేను రాయడమేమిటని నవ్వకండి. ఫోనుండగా ఉత్తరమేమిటని కూడా నవ్వకండి. మీ ఫోను వచ్చిందంటే అత్తమ్మ దానికి స్పీకరు పెట్టి, తునికాకుల చాటకు ఆనించి నిలబెడుతుంది. "మా సతీశ్ మాట్లాడుతుండు, జర నోర్లు మూయుండ్రే" అంటుంది గానీ ఎవరూ మూయరు. మన వాకిట్లో బీడీలు చుట్టడానికి వచ్చే రాజక్క తన మేక ఈనిన సంగతి మొత్తం చెబుతుంది. అత్తమ్మ రెండుసార్లు ఏడుస్తుంది. ఫోను నా చేతికొచ్చేసరికి నాకు మిగిలేది "తిన్నరా" ఒక్కటే. నేను అది అనగానే వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా ముసిముసిగా నవ్వుతారు. నా మొహం కందిపోతుంది, ఫోను కట్ అయిపోతుంది. ఏడో తరగతి దాకా చదివిన నా చదువు నోట్లోకి రాదు, చేతిలోకే వస్తుంది. సెలవుకు వచ్చిన రాజమల్లు బావ రేపు మళ్లీ మీ దగ్గరికే బయలుదేరుతున్నాడు కదా, మామిడికాయ తొక్కు డబ్బా చుట్టూ కట్టిన గుడ్డ మడతలో ఈ కాగితాలు పెట్టి పంపుతున్నాను. తొక్కు అందరికీ పెట్టండి. కాగితాలు మాత్రం మీరొక్కరే చదవండి.

ముందు సంతోషం సంగతి. ఆగలేకపోతున్నాను. మీ గడీల ఆట మొదటి భాగం నేను పూర్తి చేశాను! నేనే! చివరి గడీ బురుజు కూడా ఎక్కాను!

దాని ఇంగ్లీషు పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. ప్రతి భాగంలో ఒక పాత కాలం, ఒక రాజ్యం, పెద్ద పెద్ద కోటలు ఉంటాయని మీరే చెప్పారు. మన వైపు కోట లాంటి ఇల్లంటే గడీయే కాబట్టి నాకు అది గడీల ఆట. మీరు పోయేటప్పుడు ఆటల డబ్బాను టీవీ కింద గుడ్డ కప్పి పెట్టిపోయారు కదా. పోయిన దసరాకు అత్తమ్మ పూజలో మామయ్య కల్లుగీత కత్తులు పెట్టి, నా ఆకు కత్తెర పెట్టి, వాటి పక్కన మీ ఆట రిమోటు కూడా పెట్టింది. "నా కొడుకు ఆయుధం గిదే గదా" అని దానికి పసుపు, కుంకుమ పెట్టింది. మర్నాడు నేను కుంకుమ తుడుస్తుంటే నడిమి బటన్ నొక్కుకుపోయి టీవీ వెలిగింది. బూడిద రంగు కంబళి కప్పుకున్న ఆ మనిషి గోడ కింద నిలబడి నావైపే చూస్తున్నాడు. మీరు ఎక్కడ ఆపి పోయారో అక్కడే ఉన్నాడు, పాపం. వదిలేయడానికి మనసొప్పలేదు.

మొదట్లో పొద్దంతా గోడకు గుద్దుకునేవాడు. తర్వాత తర్వాత ఎక్కడ రాయి బయటికొచ్చిందో, ఎక్కడ కిటికీ ఉందో నా కళ్లకు కనబడసాగింది. ఇప్పుడు మన ఇంట్లో బీడీల పని ఎట్లా సాగుతుందో తెలుసా? మధ్యాహ్నం నా వంతు బీడీలు అయిపోగానే అత్తమ్మే "పెట్టవే, ఆ కంబళోని సంగతి సూద్దాం" అంటుంది. రాజక్క, లచ్చవ్వ చాటలు ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. మన ఇంట్లోనూ పార్టీలయ్యాయి! మొదటి భాగంలో వాడు జనంలో కలిసిపోయి, చప్పుడు కాకుండా ఒక్కణ్ణే ఏసేసి పోతాడు కదా, అత్తమ్మ పార్టీ అది. తర్వాతి భాగాల్లో గుర్రాలు, గొడ్డళ్లు, వంద మందిని ఒకేసారి నరకడం ఉన్నాయి కదా, ఫోనులో ఆ వీడియోలు చూసిన రాజక్క పార్టీ అది.

"గంతమందిని సంపి ఇంటికి పోయి బువ్వెట్ల తింటడే వాడు?" అంటుంది అత్తమ్మ.

"నీ కంబళోడు పొద్దుగూకేదాక గోడలకేసి సూసుడే గదనే బుచ్చక్కా! గాడు పెండ్లిసూపులకు పోయిండా, కొట్లాటకు పోయిండా?" అంటుంది రాజక్క.

లచ్చవ్వ ఏ పార్టీ కాదు. "ముందట దర్వాజ ఉండె గదా, కొడితె తీయరా? గోడెందుకు ఎక్కుడు?" అని రోజూ అదే అడుగుతుంది. నవ్వలేక నా చేతిలోంచి రిమోటు జారిపోతుంది, వాడు పోయి గడీ కందకంలో పడతాడు.

ఇక్కడ ఒక మాట. మీ ఫోనులో గడీ దోస్తుల గ్రూపు ఉంది కదా, అందులో జరుగుతున్న లొల్లి అంతా నాకు తెలుసు. ఎట్లా తెలుసో చివర రాస్తాను. ముందే కాగితం తిప్పి చూస్తే మీ అమ్మ మీద ఒట్టు.

ఆ గ్రూపులో నంబర్లు కనబడవు, ఎవరు పెట్టుకున్న పేరుతో వాళ్లుంటారు. "మోకు" అన్న పేరు చూడగానే మీరేనని నాకు తెలిసిపోయింది. కల్లు గీయడానికి తాటిచెట్లెక్కే మామయ్య నడుముకు కట్టుకునే తాడు పేరు మీరు కాక ఇంకెవరు పెట్టుకుంటారు? ఫోనులో మీరు "అంత మంచిగనే ఉంది, పైలం" అని మూడు ముక్కలు మాట్లాడతారు. గ్రూపులో మాత్రం ఎన్ని మాటలో! మన పెళ్లయిన కొత్తలో నాకు ఆట చూపిస్తూ ఆపకుండా మాట్లాడిన మనిషి అక్కడ దొరికాడు నాకు.

సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే ఆయన "నాడె" అని, నేతలో అటూ ఇటూ దారం తిప్పే దాని పేరే పెట్టుకున్నాడు కదా, ఆయనకూ మీకూ పడిన పంచాయితీ నాకు నోటికి వచ్చు. కొత్త భాగాల్లో బటన్ ఒక్కటి నొక్కి పట్టుకుంటే చాలు, ఏ గోడైనా ఎక్కేస్తాడని మీకు కోపం. "అన్నా, నేను దినమంత సాంచెల కాడ నిలవడి అస్త. ఇంటికచ్చి గుడ గోడకు సందేడుందో ఎతుకాల్నా? నొక్కితే ఎక్కాలె, పదిమందిని నరకాలె, నేను పోయి పండాలె" అన్నాడాయన. "గట్లయితే బల్లిని పెట్టి ఆడుకో. నొక్కకున్నా ఎక్కుతది" అన్నారు మీరు. జగిత్యాల కాలేజీ పిల్లలు ఎంత నవ్వారో!

"మా నాయిన తాటిచెట్టు ఎక్కుతడు. ఒక్కొక్క అడుగు సూస్కుంట ఎక్కుతడు. పడుతమన్న భయం లేకుంటె గది ఎక్కుడెట్లయితది?" అని మీరు రాశారు. పాత ఆట పార్టీకి మీరే పెద్ద. అందరూ మిమ్మల్ని మోకన్న, మోకన్న అంటారు.

అప్పుడు "తునికాకు" అనే ఆ కొత్త మనిషి మీకు ఎదురు తిరిగాడు. "మోకు గారూ, మనిషి పడంగ సూడాల్నని మీకెందుకు గంత కోరిక? ఎక్కినోని కోసం కింద ఎవ్వరు ఎదురుసూడరా?" అని అడిగాడు. "తమ్మీ, ఆటల హీరోకు పెండ్లాం ఉండదు" అన్నారు మీరు. గ్రూపంతా నవ్వింది. తునికాకు మళ్లీ చాలా రోజులు మాట్లాడలేదు. మీరే, "తునికాకు తమ్మి అలిగిండా? అందర్ని అన్న అంటడు, నన్నొక్కన్నే గారు అని ఎక్కిరిస్తడు. నేనేమన్న తాసిల్దార్నా?" అని మళ్లీ కదిలించారు.

పోయిన వారం అసలు సంగతి వచ్చింది. ఆట కంపెనీవాళ్లు అభిమానులందరినీ ఓటు అడిగారు. రాబోయే భాగంలో పాతకాలం లాగా రాళ్లు చూసి పట్టుకుని ఎక్కేట్టు పెడతారట. పట్టు తప్పితే హీరో పడి చావాలా, లేక పడకుండా అంచు పట్టుకుని వేలాడాలా? అదీ ఓటు. గడీ దోస్తులంతా ఒకే మాట మీద వేద్దామనుకున్నారు. పాతోళ్లంతా పండగ చేసుకున్నారు. ఇన్నాళ్ల నుంచి మోకన్న అడిగింది ఇదే కదా! పడాలనే అంటాడని అందరూ కాచుకుని కూర్చున్నారు. నేనూ పొయ్యి మీద పాలు మరిచిపోయి కూర్చున్నాను.

మీరు ఒక్క మాట రాశారు. "పడొద్దు."

"మోకన్న పార్టీ మారిండు! ఏ కండువ కప్పుకున్నవే?" అని నాడె ఎగిరాడు. ఒకరి వెంట ఒకరు బొమ్మలు పెట్టి నవ్వారు. అప్పుడు మీరు రాసింది ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

"పోయిన నెల మేం బిల్డింగు కట్టే కాడ స్కాఫోల్డింగ్ మీది నుంచి ఒకడు జారిండు. నా పక్కపొంటే ఉండె. పొద్దున నా దగ్గర్నే సున్నం డబ్బి తీస్కున్నడు. గప్పటి సంది పైకెక్కంగనే నా అరచేతులు తడుస్తున్నయి. ఐనా దినాం ఎక్కుతున్న. ఇంట్ల స్టోరుల పనిచేస్తున్న అని చెప్పిన. ఈడ మా ఇంటోళ్లు ఎవ్వరు లేరు గనుక మీకు చెప్తున్న. ఆటలన్న పడొద్దన్నా."

తర్వాత నాడె రాశాడు, "మోకన్నా, మేమంత పడొద్దనే ఏస్తం. నువ్వు పైలం." ఒకరి తర్వాత ఒకరు పాతోళ్లు, కొత్తోళ్లు అందరూ "పడొద్దు, పడొద్దు" అని రాస్తుంటే తెర కిందికి జరుగుతూనే ఉంది. మొహం కూడా చూడని మనుషులు! నాకు ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే నవ్వు కూడా వచ్చింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తమ్మ తిట్టింది.

రాజమల్లు బావ మొన్న మనింటికి వచ్చినప్పుడు అత్తమ్మ అడిగింది, "మా సతీశ్ నీడపట్టునే ఉన్నడా?" అని. "ఉన్నడు చిన్నమ్మా, స్టోరుల ఫ్యాను కిందనే" అన్నాడు గానీ చాయ గ్లాసు లోంచి తల ఎత్తలేదు. అబద్ధమాడటం రాదు పాపం ఆయనకు. ఆయన్ని తిట్టకండి.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ మామయ్యను ఒకటి అడిగాను. మామయ్య ముందు నేను గొంతు విప్పడమే తక్కువ కదా, ఆయన వాకిట్లో మోకు ఎండకు వేస్తుంటే వెనక నిలబడి ధైర్యం చేశాను. "మామా, చెట్టు కాడికి పోయి, ఎక్కకుంట ఎన్నడన్న మల్లొచ్చినవా?" అని.

ఆయన వెనక్కి తిరిగి చూసి నవ్వారు. "రాక ఏంది బిడ్డా! మోకు ఏస్కోంగనే ఒక్కోనాడు ఒళ్లు జల్లుమంటది. గానాడు ఎక్కద్దు. మోకు ఇప్పి చెట్టు మొదట్ల పెట్టి, దండం పెట్టి ఇంటికచ్చుడే. మీ అత్త ఇంత చెంబెడు నీళ్లిస్తది. ఎందుకచ్చినవని అడగది. మా గౌండ్ల ఇండ్లల్ల గది అడగరు. అడిగితె మొగడు సిగ్గుకు మల్ల పోయి ఎక్కుతడు" అన్నారు.

నేను ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్లయినా ఈ ఆచారం నాకు తెలియదు. మీకు చిన్నప్పటి నుంచి తెలుసు కదా. మరి అంత దూరంలో ఎట్లా మరిచిపోయారు?

ఈ నెలాఖరుకు ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటున్నారని ఫోనులో మీరే చెప్పారు. "పెట్టు కొడుకా" అంది అత్తమ్మ. ఫ్యాను కింద కూర్చున్న కొడుకుకు చెప్పింది ఆమె. నేను మాత్రం పైన ఎక్కి ఉన్న మనిషికి చెబుతున్నాను. సంతకం పెట్టకండి. ఇంటికి రండి. వచ్చినంక ఏం చేద్దామో ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. అత్తమ్మకు, మామయ్యకు ఏం చెప్పాలో కూడా మీరే వచ్చి చెప్పండి. ఎందుకు వచ్చావని ఈ ఇంట్లో ఎవరూ అడగరు. నేను చెంబుతో నీళ్లిస్తాను.

ఆట రెండో భాగం మొదలుపెట్టాను. ఓడల దగ్గర ఆగిపోయాను, తెడ్డు ఎట్లా తిప్పాలో తెలియడం లేదు. మీరు వచ్చి చూపించాలి. రాజక్క పడవ ఎక్కనంటోంది.

ఇట్లు,
చెంబు తోమి పెట్టుకున్న మీ
నవ్య

మళ్లీ రాసేది: ఒట్టు తీరింది, ఇప్పుడు చదవండి. మీరు ఇంట్లో వదిలిపోయిన పాత ఫోనులో ఆ గ్రూపు లింకు ఉంది. నొక్కితే పేరేమిటని అడిగింది. ఎదురుగా చాటలో ఉన్నదే రాశాను. తునికాకు నేనే. అందరినీ అన్నా అని పిలిచి మిమ్మల్నొక్కరినే ఎందుకు పిలవలేదో ఇప్పుడు తెలిసిందా? ఊరంతా అన్నా అంటే అననీ, నేను ఎట్లా అంటాను! పేరు పెట్టి పిలవలేను, అన్నా అనలేను, అందుకే గారు. మీరు నన్ను తమ్మీ అన్నప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఈ ఉత్తరానికి జవాబు ఫోనులో చెప్పకండి, అత్తమ్మ స్పీకరు పెడుతుంది. గ్రూపులోనే "మోకు దిగుతుండు" అని రాయండి. అందరూ ఆట సంగతి అనుకుంటారు. నేను చూసుకుంటాను. కాకపోతే చివర తమ్మీ అని మాత్రం పెట్టకండి.