ఏడో నంబరు మాట

మార్చి 4, సోమవారం. ఉదయం 5.30

ఆ ఉదయమే గుర్తొస్తోంది. తొమ్మిదేళ్ళయింది. రాత్రి కురిసిన వాన వెలిసింది. అడవికాకర ఆకు కషాయం తాగి, ప్రార్థన ముగించి, వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఒళ్ళో సొట్టగిన్నె. పచ్చి కందికాయలు ఒలుస్తున్నాను. తమ్ముడు ఎగ్బర్ట్ పెండలం తోటకి వెళ్ళబోతూ కత్తి నూరుకుంటున్నాడు. చెల్లెలు ఇమొజిన్ రాజధాని కింగ్‌స్టన్ నుంచి వచ్చి ఉంది. అక్కడి యూనివర్సిటీలో లా చెబుతుంది. మాలాంటి కుటుంబాల నేలల మీద రీసెర్చ్ చేస్తోంది.

నా పక్కన చేరి రికార్డర్ పెట్టింది. ఈ నేల ఎవరిదక్కా అంది. తెలిసి తెలిసి అడుగుతావేంటే అన్నాను. నీ నోటితో చెప్పాలంది. చెప్పాను. ఇది ఏ ఒక్కరిదీ కాదు. బానిసత్వం పోయిన కొత్తలో మా ముత్తవ్వకి అవ్వ కొన్నది. తన కడుపున పుట్టినవాళ్ళ సంతానం ఎవరొచ్చినా ఇల్లు వేసుకోవచ్చంది. ఎవరూ అమ్మకూడదు, ఎవరూ కంచె వేయకూడదంది.

ఒక గింజ మెట్లమీద దొర్లింది. కోడి ఎత్తుకుపోయింది. ఇమొజిన్ నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డయింది.

అంతే. మామూలు ఉదయం.

ఇవాళ కోర్టు.

అదే రోజు, సాయంత్రం

సున్నపురాయి క్వారీ కంపెనీకి మా ఐదెకరాలు కావాలి. కాగితం లేని నేల కాబట్టి మీది కాదంటుంది. మా లాయరు చెప్పిన దారి ఒకటే. పన్నెండేళ్ళుగా నేనొక్కదాన్నే అనుభవిస్తున్నాను, మిగతావాళ్ళని రానివ్వలేదు అని ప్రమాణపత్రం ఇవ్వాలి. అప్పుడు నా పేరున టైటిల్ వస్తుంది. చట్టానికి ఒక్క పేరే కావాలి.

జనవరిలో ప్రమాణం చేశాను. బైబిల్ మీద చెయ్యి పెట్టి. ఆ బైబిల్ పట్టుకుని పక్కన నిలబడ్డది ఎగ్బర్టే. నేను రానివ్వని తమ్ముడు.

ఇవాళ కంపెనీ లాయరమ్మ ఇమొజిన్ రాసిన పుస్తకం తెరిచింది. ఏడో నంబరు మనిషి చెప్పిన మాట చదివింది. ఈ నేల ఏ ఒక్కరిదీ కాదు. పుస్తకంలో పేర్లు లేవు. పేర్లు రాయకూడదని రీసెర్చ్ వాళ్ళ రూలు, నంబర్లే ఉంటాయి. లాయరమ్మ మొదటి పేజీకి తిప్పింది. అక్కడ ఇమొజిన్ కృతజ్ఞతలు చెప్పుకుంది. వరండాలో కందికాయలు ఒలుస్తూ నాకు లా నేర్పిన మా అక్క ఎనిడ్‌కి, అని. మళ్ళీ లోపలి పేజీ తీసింది. ఏడో నంబరు కూడా కందికాయలు ఒలుస్తూనే మాట్లాడిందట.

వెనక ఎవరో నవ్వారు. నేను తలెత్తలేదు.

ప్రమాణపత్రం అబద్ధమా, పుస్తకం అబద్ధమా, ఇరవై రెండో తేదీకి తేల్చమన్నారు జడ్జిగారు. ప్రమాణపత్రం పడిపోతే నేల పోతుంది.

మార్చి 6, బుధవారం

ప్రార్థన కుదరలేదు.

మార్చి 10, ఆదివారం

సండే స్కూల్లో పిల్లలకి ఈ వారం పది ఆజ్ఞలు చెప్పాలి. తొమ్మిదోది అబద్ధ సాక్ష్యం గురించి. ఎనిమిదితో ఆపేశాను. టైమ్ అయిపోయిందన్నాను. ఇంకా పావుగంట ఉంది.

మార్చి 16, శనివారం

ఇమొజిన్ వచ్చింది. చిక్కిపోయింది. ఎగ్బర్ట్ ఊరుకుంటాడా. రండి ప్రొఫెసరు గారూ, మీ పుస్తకంలో నాదెన్నో నంబరు అన్నాడు. పద్నాలుగు అన్నయ్యా అంది. అక్కకి రెట్టింపు అన్నమాట, మరి నన్ను కోర్టుకి పిలవరేం అన్నాడు. ముగ్గురం నవ్వాం.

ఒక్క పేరు పెట్టమనే చట్టం ఇలాంటి నేలల్ని చంపేస్తుందని పదిహేనేళ్ళుగా రాస్తోంది పిచ్చిది. మంత్రిగారికి రిపోర్టు కూడా పంపింది. అందింది అని జవాబొచ్చింది. అంతవరకే.

ఉప్పుచేప, సీమపనస కాల్చి పెట్టాను. తింటూ చెప్పింది. ఏడో నంబరు మాట తనే కల్పించానని కోర్టులో చెప్పేస్తుందట. ఉద్యోగం పోతుంది కదే అన్నాను. పోనీ అక్కా, ఈ నేలలో ఉన్న అమ్మ సమాధికంటే ఎక్కువా అంది.

అప్పుడు ఎగ్బర్ట్ అడిగాడు. సెయింట్ థామస్ జిల్లాలో ఆ రెండు కుటుంబాల గతేంటి మరి అని. మాలాంటి నేలకే ఉమ్మడిగా హక్కు ఇవ్వమని వాళ్ళు కేసు వేశారు. వాళ్ళకున్న ఆధారమల్లా ఈ పుస్తకమే.

ఇమొజిన్ చేపముక్కలో ముల్లు వెతుకుతూ కూర్చుంది. ముల్లు ఎప్పుడో తీసి పెట్టేశాను.

మార్చి 19, మంగళవారం

కంపెనీ సర్వే వాళ్ళు వచ్చారు. సీమపనస చెట్టుకి ఎర్ర రిబ్బను కట్టారు. మా ముగ్గురి బొడ్డుతాళ్ళూ ఆ చెట్టు కిందే పాతారు. ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు. ఏ కాగితంలో రాసుకుంటారు? మర్యాదగా మంచినీళ్ళు అడిగారు. ఇచ్చాను.

మార్చి 21, గురువారం

సాయంత్రం అమ్మానాన్నల సమాధుల దగ్గర కూర్చున్నాం. నేల వదులుకుందామా, నీ మాటేంట్రా అని ఎగ్బర్ట్‌ని అడిగాను. నన్నెందుకడుగుతావక్కా, పన్నెండేళ్ళుగా నన్ను గేటు దాటనివ్వలేదుగా అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తలూపాడు.

ఇమొజిన్ తన పుస్తకాన్ని అబద్ధం అనదు. రేపు నేను నా ప్రమాణం వెనక్కి తీసుకుంటాను. పెండలం విత్తనం పక్కవాళ్ళకి ఇచ్చేయాలి. ఈస్టర్‌కి సమాధులకు ఎప్పటిలాగే సున్నం వేయాలి. రెండో కోటు ఆరేదాకా ఉంటానంది ఇమొజిన్.