యాభై తూటాల్లో ఒకటి

పైన్ ఫోర్క్, మోంటానా
శుక్రవారం పొద్దున

మా థోరా తల్లికి,

నాన్న దీవెనలతో రాసేది. ఇక్కడ అమ్మ, నేను, నీ కుక్క ముగ్గురం క్షేమం. అక్కడ క్రో శిఖరం మీద నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తున్నాను. ఏ ఉత్తరంలోనైనా చెయ్యి తనంతట తానే రాసేసే మాట ఇది. ఈసారి మాత్రం రాశాక రెండుసార్లు చదువుకున్నాను.

మీకు సరుకులూ ఉత్తరాలూ మోసే గస్ కంచరగాడిదలతో కొండ దిగిన రోజునే, బుధవారం, నీ ఉత్తరం అందింది. నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. అమ్మ మోకాలు ఫరవాలేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం డాక్టర్ని తిడుతుంది. పెరట్లో రూబార్బ్ కాడలు ముదిరి పీచు పట్టాయి. అయినా అమ్మ వాటితో తీపి పై రొట్టె చేస్తూనే ఉంది, నేను మాట్లాడకుండా తింటూనే ఉన్నాను. నీ కుక్క బిస్కెట్ నీ మంచం మీదే పడుకుంటోంది. దింపబోతే ఇల్లు తనదే అన్నట్టు నన్ను చూసి గుర్రుమంటోంది.

ఎలుగుబంటి సంగతి దగ్గరికి వచ్చేసరికి అమ్మ కళ్ళద్దాలు తీసేసి ఉత్తరం నా చేతికిచ్చింది. తెల్లారగట్ల వచ్చి నీ గుడిసె కిటికీ చెక్కల మీద గోళ్ళు గీసి పోయిందని ఎంత తేలిగ్గా రాశావు! అడవిలో మంటలు కనిపెట్టడానికి నిన్ను అంతెత్తున కూర్చోబెట్టారు గాని, కింద తలుపు దగ్గర ఏముందో కనిపెట్టడానికి ఎవరున్నారు? “ఆదివారం తీరిగ్గా గురికి తకరడబ్బా పెట్టి, నువ్విచ్చిన తూటాలు కాసిని కాల్చి చెయ్యి అలవాటు చేసుకుంటాను” అని రాశావు. దాని కిందే, “అమ్మ చెప్పినట్టు మందు తక్కువే పోశావా నాన్నా?” అని అడిగావు.

లేదమ్మా, తక్కువ పొయ్యలేదు.

దుమ్మని నువ్వెప్పుడూ నేను తూటాలు చేసే షెడ్డులోకి రాలేదు కాబట్టి కాస్త విడమర్చి రాస్తాను. ఏ గుండుకి ఏ తుపాకి మందు ఎంత పొయ్యాలో పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మొదలుపెట్టాల్సింది, రెండోది దాటకూడనిది. కింది అంకెతో మొదలుపెట్టి, కొన్ని కాల్చి, ఖాళీ అయిన తూటా గొట్టాలు పరీక్షగా చూసి, అంతా బాగుందనుకుంటేనే పిసరంత పెంచాలి. ఇరవై రెండేళ్ళుగా తుపాకి క్లబ్బులో నేను చెప్పే మొదటి పాఠం ఇదే. నీ తూటాల దగ్గరికి వచ్చేసరికి, ఎలుగుబంటి కదా అని, ఏకంగా పై అంకెకి వెంట్రుకవాసి కింద పెట్టాను. “పిల్ల మణికట్టు ఎంతుందో చూశావా? మందు తగ్గించు” అని అమ్మ అంటే సరేనన్నాను. అమ్మతో సరేననడం నాకు అలవాటు.

ఇంకొకటి కూడా ఉంది. పొరపాటున రెండోసారి పోస్తే గొట్టం పొంగి బల్ల మీద పడే రకం మందు వాడమని నేనే అందరికీ చెప్తాను. అప్పుడు పొరపాటు దానంతట అదే బయటపడుతుంది. ఆరోజు షెడ్డులో సగం ఖాళీ అయిన పాత డబ్బా ఉంది. అందులోది చురుకైన మందు, చిటికెడు చాలు. గొట్టం అడుగున ఉందా లేదా అన్నట్టుంటుంది. రెండింతలు పడినా పైకి తెలియదు. పాత డబ్బా అయిపోతుంది కదా అని దాన్నే వాడాను.

యాభై ఇత్తడి గొట్టాలు చెక్కలో నిలబెట్టి, ఒక్కోదాన్నీ గరాటు కింద పెట్టి పిడి తిప్పుతూ, లెక్కపెట్టుకుంటున్నాను. అప్పుడొచ్చాడు వెండెల్. మందు పోసేటప్పుడు కబుర్లు చెబుతున్నాడని ఒకప్పుడు నా క్లాసులోంచి బయటికి పంపించానే, ఆ వెండెలే.

“ఏంటి మాస్టారూ, పిల్లకి ఫిరంగి గుళ్ళు చేస్తున్నారా?” అన్నాడు.

“నోరు మూసుకుని కూర్చో. లెక్క పోతుంది.”

“పోతే మళ్ళీ మొదలెట్టండి. పింఛను తినేవాళ్ళం, మనకేం తొందర?”

వాడి అల్లుడు కొత్త లారీని తీసుకెళ్ళి వాగులో దింపిన కథ మొదలెట్టాడు. కథ చాలా బాగుంది తల్లీ, అదే నా ఖర్మ. పడీపడీ నవ్వాను. మధ్యలో ఎక్కడ ఆగానో, ఏ గొట్టం రెండోసారి చేతికొచ్చిందో తెలియదు. లెక్క మాత్రం సరిగ్గా యాభై దగ్గర ఆగింది. గుళ్ళు బిగించేముందు టార్చిలైటు వేసి యాభై మూతుల్లోకీ చూడాలి. ఆరోజు చూడలేదు. వెండెల్ కథలో లారీ ఇంకా వాగులోనే ఉంది మరి.

ముప్పై ఆరు తూటాలు నీకు డబ్బాలో సర్ది, పద్నాలుగు నా దగ్గర ఉంచుకున్నాను. ఈ వారంలో వాటిని పట్టుకుని క్లబ్బుకి వెళ్ళాను. అక్కడ ఇంకెవరూ లేరు. మొదటిది బాగానే పేలింది. రెండోది తుస్సుమంది. తూటా అడుగునుండే నిప్పు బిళ్ళ ఒక్కటే పేలి, గుండు బారెల్లో ఇరుక్కుపోయింది. ఆ గొట్టంలో మందన్నదే లేదు.

యాభై గొట్టాలకి యాభైసార్లు పిడి తిప్పాను. ఒకదాంట్లో ఏమీ పడలేదంటే ఇంకోదాంట్లో రెండుసార్లు పడింది. ఇంటికొచ్చి మిగిలిన పన్నెండూ ఊడదీసి, ఒక్కోదాన్లో మందు త్రాసులో వేసి తూచాను. పన్నెండూ సరిగ్గా ఉన్నాయి. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ, ప్రతిసారీ ఆ రెండింతలది ఇదే కావాలని దేవుణ్ణి వేడుకుంటూ తూచాను. కాలేదు. అది నీ డబ్బాలో ఉంది థోరా.

అసలే పై అంకె దగ్గర పోసిన మందు. దానికి రెండింతలంటే రివాల్వర్ చీలిపోతుంది. నీ చేతిలోనే, నీ మొహానికి ఎదురుగానే చీలిపోతుంది. నాకు చచ్చేంత భయంగా ఉంది. కాల్చకు తల్లీ. ఒక్కటి కూడా కాల్చకు.

ఇంతవరకు రాసి కేలెండర్ వంక చూశాను. చూడక్కర్లేదు, నాకు తెలుసు. గస్ మళ్ళీ కొండెక్కేది మంగళవారం. నువ్వు కాలుస్తానన్నది ఆదివారం. అడవి శాఖ రేంజర్ ఆఫీసు రేడియోలో ఒక్క మాట చెబితే నిమిషంలో నీకు చేరుతుంది. ఆ రేడియోని ఈ లోయలో ప్రతి వంటింట్లోనూ పెట్టుకుని వింటారని కూడా నాకు తెలుసు. కలం ఇక్కడ పెట్టేస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

అమ్మకి చెప్పాను. పిండి చేతులతోనే నిలబడి అంతా వింది.

“ఈ ఉత్తరం ఎప్పట్నుంచి రాస్తున్నావు?” అంది.

“పొద్దున్నుంచి.”

“రెండు మైళ్ళ దూరంలో రేడియో ఉంటే పొద్దున్నుంచి కూర్చుని ఉత్తరం రాస్తున్నావా? నీ మాస్టరు గిరీ మండిపోనూ! ముందు బండి తియ్యి.”

రేడియో దగ్గర నెల్డా ఉంది. “నన్ను చెప్పమంటారా ఆర్విడ్ గారూ, మీరే చెప్తారా?” అని అడిగింది. నేనే చెప్తానన్నాను. క్రో శిఖరాన్ని మూడుసార్లు పిలిచింది. జవాబు లేదు. “నీళ్ళకి ఊట దగ్గరికి వెళ్ళుంటుందిలెండి” అంది నెల్డా, నా మొహం చూడకుండా. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఇంకా నొప్పెడుతూనే ఉంది ఆ చోటు. పదకొండు నిమిషాలు పిలిచాం. ఆ పదకొండు నిమిషాల్లో నా కళ్ళకి ఏమేం కనిపించాయో నీకు రాయలేను.

అప్పుడు నీ గొంతు వినిపించింది. “ఏంటి నెల్డా, నీళ్ళు మోసుకోనివ్వవా? పొగా లేదు, నిప్పూ లేదు” అన్నావు. అమ్మ గట్టిగా ఏడ్చేసింది. నీకు రేడియోలో గరగరలాగా వినిపించింది అదే.

అంతా చెప్పాను కదా. మందు పడని తూటా, రెండుసార్లు పడిన తూటా, వెండెల్ కథ, వెయ్యని టార్చిలైటు, ఏదీ దాచలేదు. అంతా విని నువ్వు, “నాన్నా, నేను నిన్ననే కాల్చాను. ఎలుగు మళ్ళీ వచ్చింది, ఆదివారం దాకా ఆగబుద్ధి కాలేదు. ఇరవై రెండు అయిపోయాయి. చెయ్యి నొప్పెట్టి ఆపేశాను” అన్నావు. నెల్డా కిటికీ వైపు తిరిగిపోయింది.

రేడియోలో చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను. అది మిగిలిన పద్నాలుగులో ఉంది. వాటిని పొయ్యిలో వెయ్యకు, లోయలోకి విసరకు. డబ్బాలో పెట్టి గస్ చేతికివ్వు. ఈ ఉత్తరంతో పాటు షాపులో కొన్న తూటాల డబ్బా ఒకటి వస్తుంది, రేడియోలో అంతా విని వెండెల్ తెచ్చిచ్చాడు. “ఈసారి క్లాసులోంచి ఎవర్ని బయటికి పంపిద్దాం మాస్టారూ?” అన్నాడు. “ఇద్దర్నీ” అన్నాను. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

రేడియో కట్టేసేముందు నువ్వొక ప్రశ్న వేశావు. “ఎప్పుడు తెలిసింది నాన్నా?” అన్నావు. “ఇవాళ పొద్దున్న తూచాకే” అన్నాను. అమ్మ పక్కనే నిలబడి వింది. నెల్డా వింది. లోయంతా వింది. “తెలియగానే చెప్పావు కదా, ఇంకెందుకు బాధపడతావు?” అని నువ్వే నన్ను ఓదార్చావు.

ఆ తూటా తుస్సుమన్నది మంగళవారం, థోరా. మంగళవారం పొద్దుగూకేలోపే పన్నెండూ తూచేశాను. ఆ చెడ్డది నీ దగ్గరుందని అప్పుడే తెలుసు. బుధవారం నీ ఉత్తరంలో ఆదివారం అని చదివి, ఇంకా టైముంది కదా అనుకున్నాను. రేడియోలో చెబితే లోయంతా నా గురించి ఏమనుకుంటుందో అని, నా పరువు పోకుండా నీకు ఎలా చెప్పాలా అని మూడు రోజులు ఆలోచించాను. గురువారం కూడా రేంజర్ ఆఫీసుకి చెప్పకుండా ఫోను పక్కనే కూర్చుని ఉన్నాను. నువ్వు ఇరవై రెండుసార్లు ట్రిగ్గర్ నొక్కింది ఆరోజే.

ఈ ఉత్తరం ఇప్పుడు అమ్మకి చదివి వినిపించి, ఆ తర్వాత కవరు అంటిస్తాను.

ఇట్లు,
నీ నాన్న