నడుం కొలతల బోర్డు

జనవరి 6
జనానికి పిచ్చి పట్టింది. పోయినేడాది దాకా ఈ వీధిలో పరుగెత్తేవాడంటే బస్సు మిస్సయినవాడే. ఇప్పుడు బ్యాంకు మేనేజరు, మందుల షాపాయన, టీచరమ్మ అందరూ పొద్దున్నే పార్కు చుట్టూ తిరుగుతున్నారు, ఫోన్లో అడుగులు చూసుకుంటూ. ఇవాళ షాపు షట్టర్ ఎత్తేసరికి ముగ్గురు నిలబడి ఉన్నారు. ముగ్గురివీ ప్యాంట్లు వదులయ్యాయిట. మా ఆవిడ కూడా రేపట్నుంచి నడుస్తానంది. నిన్నెవరు తరుముతున్నారే అన్నాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయిట. నన్నూ రమ్మంది. మిషను తొక్కడం కంటే ఎక్సర్‌సైజు ఏముందన్నాను.

జనవరి 7
ఆవిడకి నీలం ట్రాక్ ప్యాంటు కుట్టాను. ఎలాస్టిక్ ఒరుసుకుంటుందంటే మామూలు నడుం పట్టీయే వేశాను. ముప్ఫై ఎనిమిది. వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. నాకు నవ్వాగలేదు.

ఫిబ్రవరి 2
షాపు గోడకి బోర్డు పెట్టాను. నడిచేవాళ్ళని నెలకోసారి ఊరికే కొలిచి, అన్ని కొలతలూ పుస్తకంలో ఎక్కించి, నడుం ఎంత తగ్గిందో మాత్రం బోర్డు మీద రాస్తాను. ఐడియా నాదే! బోర్డెక్కాలని నడవనివాళ్ళు కూడా మొదలెట్టారు. టేపు చుట్టగానే మందుల షాపాయన ఊపిరి బిగబట్టాడు. వదలండి సార్, చూసేశాను అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు.

మార్చి 2
ఆవిడ ముప్ఫై ఆరు. బోర్డులో మూడోది. ట్రాక్ ప్యాంటు బిగించాను.

ఏప్రిల్ 1
ముప్ఫై మూడు. ఫస్ట్! షాపులో చప్పట్లే చప్పట్లు. ఏం తింటున్నావని టీచరమ్మ ఆరా తీసింది. ఏమీ లేదు, అసలు ఆకలే వెయ్యట్లేదంది మా ఆవిడ. ఎంత అదృష్టమో అని టీచరమ్మ ఈర్ష్యపడింది. నాకు ఛాతీ ఉబ్బిపోయింది. ప్యాంటు రెండోసారి బిగించాను.

ఏప్రిల్ 19, ఉదయం 5:30
ఇవాళ వెళ్ళలేనంది. ఒళ్ళంతా నీరసంట. బద్ధకం ఇలాగే మొదలవుతుంది, వెనకే మేనేజరున్నాడు, ఫస్ట్ పోతుంది అన్నాను. బూట్లు నేనే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను. వెళ్ళింది.

మే 2
ముప్ఫై. దరిదాపుల్లో ఎవరూ లేరు. ప్యాంటు మూడోసారి. చొక్కా కాలరూ వదులేనంటే అదీ చిన్నది చేశాను.

మే 11
మరదలు ఆరు నెలల తర్వాత అక్కని చూడ్డానికొచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు బావా అని నా మీద పడి ఏడ్చింది.

మే 14
ఆసుపత్రి. ఎప్పట్నుంచి తగ్గుతోందని డాక్టరు అడిగాడు. కొలతల పుస్తకం ఇచ్చాను. అర అంగుళంతో సహా ఉంది. ఇంత శ్రద్ధగా రాసిన మనిషి ముందే ఎందుకు తీసుకురాలేదన్నాడు. కడుపులో గడ్డట. లివరుకి పాకిందిట.

నడిస్తే నడుం తగ్గుతుంది. మెడ ఇంతలా తగ్గదు, మణికట్టు తగ్గదు. ముప్ఫై ఏళ్ళుగా టైలర్ని, నాకు తెలీదా? తెలుసు. నా చేత్తోనే రాశాను. మెడ పదమూడున్నర, తర్వాత పదమూడు, తర్వాత పన్నెండు. ఛీ, నా బతుకు! బోర్డు మీదకి ఎక్కేది నడుమొక్కటే కదా, మిగతావి చూసుకోలేదు.

మే 15
బోర్డు పీకేశాను.

జూన్ 20
ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పార్కులో హాయిగా ఉండేదంది. పుట్టి బుద్ధెరిగాక తనకెవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారిట. ఒక్కరోజైనా నేను కూడా రాలేదన్నదే ఆవిడ కోపం. రేపు వస్తానన్నాను. ఇద్దరం నవ్వాం. ఆవిడ మంచం దిగక పది రోజులైంది.

జులై 9
పోయింది. పొద్దున్న 5:40. రోజూ పార్కుకి బయల్దేరే టైము.

జులై 30
టీచరమ్మ వచ్చి బోర్డు మళ్ళీ పెట్టమంది. అది లేకపోతే ఎవరికీ నడవబుద్ధి కావట్లేదుట. టేపు పోయిందన్నాను. మెడలోనే వేలాడుతోంది. చూసింది, వెళ్ళిపోయింది.

ఆగస్టు 3
షాపు తియ్యలేదు. నీలం ప్యాంటు బిగింపులు మూడూ విప్పేశాను. మళ్ళీ ముప్ఫై ఎనిమిది.