ఇద్దరు రాజుల కొలువులో ఒక దొర

కొలోన్, జర్మనీ

అత్తమ్మకు,

నీ మేనకోడలు స్రవంతి పాదాలంటి రాసేది. నేను బాగానే ఉన్నాను, నిజంగానే బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మామయ్య షుగరు మాత్రలు వేసుకుంటున్నారా, జేబులో దాచి పారేస్తున్నారా? ఇప్పుడు రాయబోయే సంగతి ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నన్నూ ఏడిపిస్తావు. అందుకే ఉత్తరం.

ఇక్కడ వాన పట్టుకుంటే వదలదు. నువ్వు పంపిన చింతకాయ తొక్కు అయిపోవచ్చింది. ఎక్కువ తిన్నది నేను కాదు, నాతో ఉండే కాకినాడ అమ్మాయి లావణ్య. ఆఫీసు నుంచి రాగానే వేడన్నంలో కలుపుకుని, "మీ అత్తయ్యగారికి దణ్ణం పెట్టాలే బాబూ" అంటుంది. ఎవరైనా వస్తుంటే ఇంకో సీసా పంపు.

ఇక అసలు సంగతి. నేను చదువుతున్న ఇంగ్లండు దొర గురించి చెప్పాను కదా, వెయ్యేళ్ళ కిందటివాడు. పేరు చెబితే నీకు నోరు తిరగదు, నాకే ఇంకా తిరగడం లేదు. పాత రాజు కొలువులో పెద్దమనిషి. సముద్రం దాటి వచ్చినవాళ్ళు దేశాన్ని గెలిచాక తోటి దొరలు చాలామంది భూములు పోగొట్టుకున్నారు. ఈయన మాత్రం కొత్త రాజు కొలువులోనూ కూర్చున్నాడు. మా సెమినార్‌లో అందరిదీ ఒకటే మాట, అవకాశవాది అని. మా ప్రొఫెసరమ్మ, "ఆయన ఎందుకలా చేశాడో నీ రాతలో లేదు. సెమినార్‌లో చెప్పు. అది విన్నాకే నీ స్కాలర్‌షిప్ పొడిగించమని రాస్తాను" అంది. స్కాలర్‌షిప్ లేకపోతే వీసా లేదు, చదువు సగంలో వదిలి రావాలి. చరిత్ర చదువుతానంటే ఇంట్లో అందరూ నవ్వినప్పుడు నువ్వొక్కదానివే నా పక్షాన నిలబడ్డావు. ఓడిపోయి నీకు ఏ మొహం చూపించాలి?

అందుకే ఆ రోజు ఫోన్ చేసి తాతయ్య గురించి అడిగాను. నిజాం కాలంలో ఊరి పటేలు, పోలీస్ యాక్షన్ తర్వాతా పటేలే. ఏ ఎండకా గొడుగు పట్టాడని ఊళ్ళో నిన్ను చిన్నప్పటి నుంచీ దెప్పేవారు.

"కొందరు మన ఊరి సాయబుల ఇండ్ల మీదికి పోతుంటే మీ తాత అడ్డం పోయి నిలవడ్డడు. 'వీళ్ళు నా ఊరోళ్ళు, వీళ్ళకు నాది పూచీ' అన్నడు. కొత్త ఆఫీసర్ల దగ్గర ఆయన మాట చెల్లుతది గన్క ఎనుకకు మళ్ళిండ్రు" అన్నావు.

తాతయ్యకు భయం వేయలేదా అని అడిగాను. "ఎందుకెయ్యలే బిడ్డా? భయపడుకుంటనే పోయిండు" అన్నావు.

అప్పుడు దొరను మళ్ళీ చదివాను. పాత రాజు రోజుల్లో ఎవరి భూమి ఎవరిదో అలాగే ఉండనివ్వమని కొత్త రాజు పంపిన ఆజ్ఞలు కొన్ని ఈయనకే వచ్చాయి. కొలువులో ఉన్నాడు కనుక ఆ మాత్రమైనా నిలబెట్టగలిగాడు. తన భూమినీ కాపాడుకున్నాడు, అదీ నిజమే. భయపడి కూడా ఉంటాడు.

సెమినార్‌లో ఇదంతా చెప్పాను, తాతయ్య సంగతి కూడా. ముగించగానే అందరూ వేళ్ళ కణుపులతో బల్లలు కొట్టడం మొదలుపెట్టారు. మా హన్మకొండ కాలేజీలో లెక్చరర్ నచ్చకపోతే బెంచీలు కొట్టి పంపించేసేవాళ్ళం. అదే అనుకుని, కాగితాలు సర్దుకుని, క్షమించమని చెప్పి తలుపు దాకా వెళ్ళిపోయాను! ప్రొఫెసరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక్కడి క్లాసుల్లో మెచ్చుకోవాలంటే చప్పట్లు కాదట, బల్ల కొడతారట. లావణ్య అయితే, "ఓసి పిచ్చిదానా, నేను మాస్టర్స్ చదివేటప్పుడు రోజూ కొట్టేవారే" అని పగలబడి నవ్వింది.

స్కాలర్‌షిప్ పొడిగించారు అత్తమ్మా. వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కూడా దొరికింది. ఇదంతా నీ చలవే.

ఆ రోజు కత్రిన్ అనే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. దొరను అవకాశవాది అని అందరికంటే ముందు అన్నది తనే. వాళ్ళ తాత తూర్పు జర్మనీలో బడిపంతులు, దేశం ఒకటయ్యాకా బడిపంతులే. "ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తం. ఈ ఆదివారం వెళ్ళి అడుగుతాను" అంది.

మామయ్యకు, అమ్మానాన్నలకు నమస్కారాలు, బావ పిల్లలకు ముద్దులు. చదువు చక్కగా ముగించాలని దీవించు. ఇకమీదట ఎవరైనా మీ నాన్నను మాటంటే తల దించుకోకు. ఆయన ఎవరో తెలియని మనుషులు గది నిండా కూర్చుని ఆయన సంగతి విన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

నీ బిడ్డలాంటి
స్రవంతి