మూడు వందల పన్నెండో పేరు

స్టాక్‌హోంలో, రష్యా రాయబార కార్యాలయమన్న బోర్డు ఇంకా వేలాడుతున్న ఇంట్లో నివసిస్తున్న ఎవ్‌గ్రాఫ్ లుకీచ్ తర్ఖోవ్ అను నేను, వయస్సు అరవై ఒకటి, మొదట పెత్రోగ్రాద్‌లో న్యాయశాస్త్ర ఆచార్యుణ్ణి, తర్వాత దూమా అనే మా పార్లమెంటులో సభ్యుణ్ణి, ఆ తర్వాత ఎనిమిది నెలలైనా బతకని ప్రభుత్వానికి రాయబారిని, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసిన వీలునామా ఇది. బుద్ధి వరకే హామీ ఇవ్వగలను. మనసు సంగతి అడక్కండి.

మనిషి ఆస్తి అతని దేశపు చట్టం ప్రకారమే పంచాలని ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను. నా దేశం వారసత్వాన్నే రద్దు చేసింది. కాబట్టి ఈ కాగితం చెల్లదు. అయినా రాస్తున్నాను, నాకు వేరే పని చేతకాదు.

1. రాయబారుల హక్కుల మీద నేను రాసిన పుస్తకం నా పాత శిష్యుడు వికెంతీకి. ఒకసారి అతన్ని పరీక్షలో ఫెయిల్ చేశాను. "మీ చట్టానికి జాలి లేదు మాస్టారూ" అన్నాడు. శుక్రవారం, ఈ దేశం ఇన్నేళ్లకు ఇప్పుడే గుర్తించిన కొత్త ప్రభుత్వం తరఫున ఈ ఇల్లు స్వాధీనం చేసుకునేది అతనే. "దస్తావేజులు ప్రభుత్వానివి కావు, రాజ్యానివి. రెండు వందల పద్నాలుగో పేజీలో మీరే రాశారు. తాళాలు సిద్ధంగా పెట్టండి మాస్టారూ" అని ఉత్తరం రాశాడు. నిజమే, రాశాను. ఆ పేజీ చింపేసి మిగతా పుస్తకం ఇస్తున్నాను.

2. టీ కాచే సమోవార్, పరుపు, నా ఉన్నికోటు వంటమనిషి ఉస్తీన్యకు. "పేర్లు రాయకండి బాబుగారూ, రాసిన పేరు ఎప్పటికైనా దొరుకుతుంది అని మొత్తుకున్నా. విన్నారా?" అని ఆమె ఇప్పటికీ సాధిస్తుంది. వినలేదు.

3. ఆ పేర్ల పుస్తకం గురించి. ప్రభుత్వం కూలాక పారిపోయి వచ్చేవాళ్లకు మూడు వందల పన్నెండు పాస్‌పోర్టులిచ్చాను. నా ముద్రకు విలువ లేదని తెలుసు గనుక, ప్రతిదాని మీదా "కార్యాలయపు పుస్తకంతో సరిచూసిన తరువాతే చెల్లును" అని రాశాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా. ఆచార్యుడు తప్ప ఇంకెవడూ అలా రాయడు. ఫిన్లాండ్ సరిహద్దు కాపలావాళ్లు ఇక్కడికి టెలిగ్రాం ఇస్తారు, పుస్తకంలో పేరుందని జవాబు వెళితేనే దాటనిస్తారు. ప్రతి పేరు పక్కనా పూచీగా రష్యాలోనే ఉండిపోయిన బంధువుల పేర్లూ, చిరునామాలూ రాయించుకున్నాను.

మూడు వందల పదకొండు మంది దాటేశారు. మిగిలింది నా కూతురు గ్లఫీరా. వాళ్లమ్మకు జబ్బుగా ఉందని ఆగిపోయింది. అమ్మ పోయాక రాసింది: "నాన్నా, మంచు కరిగేలోపు బయల్దేరుతున్నా. బూట్లు చిరిగాయి, ఫరవాలేదులే. పుస్తకంలో నా పేరు చెరిపేయకు సుమా." ఆరు వారాలైంది. మళ్లీ ఉత్తరం లేదు.

వికెంతీ ఉత్తరం చివర ఇంకొక మాట ఉంది. "పుస్తకం అప్పగించండి. గ్లఫీరా కోసం టెలిగ్రాం వస్తే, పేరుందని నేనే జవాబిస్తా." అతను మాట తప్పే మనిషి కాడు. తప్పే మనిషైతే నాకింత నరకం ఉండేది కాదు. పుస్తకం ఇస్తే నా బిడ్డ దాటుతుంది, కానీ అక్కడ కొత్త ప్రభుత్వపు పోలీసులు మూడు వందల పదకొండు ఇళ్ల తలుపులు తడతారు.

ఈ మధ్యాహ్నం వంటింటి పొయ్యిలో దాన్ని కాల్చేశాం. "అమ్మాయి పేరున్న కాగితం ఒక్కటైనా ఉంచుకోండి బాబుగారూ" అని ఉస్తీన్య ఏడ్చింది. దాని వెనక వేరేవాళ్ల తల్లి చిరునామా ఉంది. ఉంచుకోలేదు.

4. గ్లఫీరా, నా గ్లాషా, రేపు బయల్దేరి, సరిహద్దు దాటి నిన్ను వెతకడానికి అవతలికి వెళ్తున్నాను. పట్టుకుంటారని తెలుసు. కొత్త బూట్లు సంచిలో పెట్టాను. నీ పాదం కొలత గుర్తులేదు, సిగ్గుగా ఉంది, ఉస్తీన్యను అడిగి కొన్నాను. నేను అటు వెళ్లాక నువ్వెలాగో ఇటు చేరితే ఉస్తీన్య దగ్గరే ఉండు. నా కళ్లద్దాలు, మీ అమ్మ ఫోటో నీవి. నీ పేరు చెరిపింది నేనే. ఇంకెవరినీ అనుమానించకు.

1924 మార్చి, గురువారం.

సంతకం: రాయబారి (ఈ మాట కొట్టివేయడమైనది) ఎవ్‌గ్రాఫ్ తర్ఖోవ్, గ్లఫీరా తండ్రి.

సాక్షులు: 1. ఫాదర్ మెఫోదీ. 2. ఉస్తీన్య, వేలిముద్ర. వీలునామాలో వాటా ఉన్నవాళ్లు సాక్ష్యం వేయకూడదని నాకు తెలుసు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ముద్ర సిరాతో వేసింది కాదు, ఆమె వేలికి ఇంకా పొయ్యి మసి ఉంది.