నేను సాఫ్ట్‌వేర్‌ను కాను

మానుకోట,
తేది 11–7–1988

జిల్లా సహకార అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తయారీ ఆగిపోయిన కంప్యూటరుతోపాటు ఒక మనిషిని కూడా నిలిపివేసిన ఉత్తర్వును రద్దుచేయుట గురించి.

మానుకోటలోని తొలకరి విత్తన సహకార సంఘంలో కంప్యూటరు ఆపరేటరుగా పనిచేసిన చింతల సునంద తమకు తెలియజేసుకొనునది. ఆపరేటరు అనే మాటను తమరు దయచేసి మరొకసారి చదవగలరు. గొడవంతా అక్కడే ఉన్నది.

1. 1984లో మా సంఘానికి మొదటి కంప్యూటరు వచ్చినది. బీరువా అంత ఉండేది. రైతుల పేర్లు, వారు తీసుకున్న విత్తనాల వివరాలు రొట్టెల పెనమంత ఫ్లాపీలలో ఎక్కించేదాన్ని. యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాములు కూడా అలాంటి ఫ్లాపీలలోనే ఉండేవి. రెండేండ్లకే ఆ కంపెనీ ఆ మోడలు చేయడం మానుకున్నది. పాడైన భాగం పంపమని రాస్తే, కొత్త యంత్రం కొనుక్కోమని జవాబు వచ్చినది.

2. కొన్నాము. అది వేరే కంపెనీది. దాని నోరు చిన్నది, పాత ఫ్లాపీ పట్టదు. "అంచులు కత్తిరిస్తే పడతది గద" అని కార్యదర్శి జగపతిరావు గారు సెలవిచ్చి, అటెండరు ఉప్పలయ్యతో కత్తెర తెప్పించి, నేను వద్దువద్దంటుండగానే స్వహస్తములతో కత్తిరించినారు. మిగిలిన ఫ్లాపీలతో ఆ ఎండాకాలమంతా విసురుకున్నారు. రైతుల పేర్లన్నీ నేను మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవలసి వచ్చినది.

3. ఈ ఏడు ఆ రెండవ కంపెనీ కూడా ఇంగ్లీషులో ఉత్తరం రాసినది. ఈ యంత్రమును, దానికి తోడ్పడు సాఫ్ట్‌వేర్‌ను ఇకమీదట నిలిపివేయుచున్నామని దాని సారాంశం. సాఫ్ట్‌వేర్ అనగా ప్రోగ్రాములని నేను చెప్పబోతే జగపతిరావు గారు చేయి అడ్డం పెట్టినారు. "డబ్బా హార్డు. డబ్బా ముంగట కూసునేది సాఫ్టు. గింత తెల్వదా నీకు?" అన్నారు. వారు బి.ఏ. చదివినారు. మరునాడు ఉత్తర్వు చేతికిచ్చినారు: "కంపెనీ వారి ఆదేశానుసారము సదరు యంత్రమును, దాని సాఫ్ట్‌వేర్ అయిన కుమారి సునందను తక్షణమే నిలిపివేయడమైనది." కింద పాలకవర్గం అంతా సంతకాలు పెట్టినారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ కాగితం ముట్టుకోవాలంటేనే నాకు అసహ్యం వేస్తున్నది.

4. జనగామలో ఒక మిల్లులో టైపిస్టు కావాలంటే పోయినాను. ఆ ఉత్తర్వు చదివి మేనేజరు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "బంద్ చేసిన మాల్ అని రాసిన్రు గదమ్మా, ఎట్ల తీసుకుంటం?" అన్నాడు. ఉత్తర్వు మడిచి సంచిలో పెట్టుకొని తిరుగు బస్సు ఎక్కినాను.

5. ఇక్కడి నౌకరీలు ఇక్కడి పిల్లలకే కావాలని 1969లో మా నాయిన జైలుకు పోయినాడు. నాకు ఈ నౌకరి దొరికిన రోజు వాడకట్టంతా చక్కెర పంచినాడు. ఇప్పుడు ఆయన లేడు. నేనూ మా అవ్వా ఈ జీతం మీదనే బతికినాము. సంఘం మూడవ యంత్రం కొన్నది. దాని సాఫ్ట్‌వేర్ హైదరాబాదు నుంచి వస్తుందని కంపెనీ రాసినదట. వచ్చేవాడు అలసిపోయి వస్తాడని కార్యదర్శి గారు నా గదికి సున్నం వేయించి, మంచం కూడా వేయించినారు. నాలుగేండ్లు అదే గదిలో నేను కాలు విరిగిన కుర్చీలో కూర్చున్నాను. కడుపు మండుతున్నదయ్యా.

కావున నేను మనిషినని తమరు ధ్రువీకరించి, నన్ను తిరిగి పనిలోకి తీసుకొనునట్లు సంఘం వారికి ఉత్తర్వు ఇప్పించగలరని ప్రార్థన. ఈ అర్జీని చిత్తుకాగితాలలో వేయకుండ చిత్తగించవలెను.

ఇంకా ఎన్నాళ్లు విధేయురాలిగా ఉండగలనో తెలియని,
చింతల సునంద

తా.క.: ఇది కవరులో పెట్టినాక ఒక సంగతి జరిగినది. "సాఫ్ట్‌వేర్ పంపినాము" అని హైదరాబాదు నుంచి తంతి వచ్చినదట. జగపతిరావు గారు పూలదండ పట్టుకొని స్టేషనుకు పోయి, వచ్చిన ప్రతి రైలూ వెతుకుతున్నారు. ఇంతలో పోస్టుమాన్ పాపయ్య మా ఇంటికి ఒక పార్సిలు తెచ్చినాడు. దాని మీద "సాఫ్ట్‌వేర్, తొలకరి సంఘం, మానుకోట" అని ఉన్నది. "ఊరందరు నిన్నే గట్ల పిలుస్తున్నరు గదక్కా, తీస్కో" అన్నాడు. లోపల చూస్తే కొత్త ఫ్లాపీలు. ఇచ్చివద్దామని సంఘానికి పోతే ఉప్పలయ్య తలుపు దగ్గరనే ఆపినాడు. "జర ఏమనుకోకు బిడ్డా, పాత సాఫ్ట్‌వేర్ను లోపటికి రానియ్యద్దన్నడు సారు" అన్నాడు.

పార్సిలు మా ఇంట్లో బియ్యం డబ్బా మీద భద్రంగా ఉన్నది. తమరు ఒక్క ముక్క రాస్తే ఇద్దరం కలిసి వస్తాము.